బోర్డు చూసి చేత్తో సర్క్యూట్ గీయడం: గైడ్ రాస్తున్నా, తప్పులు పట్టండి

మీటరు_సుబ్బు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా, రాసింది తక్కువ. ఊళ్లో చిన్న రిపేరు షాపు నాది. స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్‌లు వస్తుంటాయి. వచ్చే బోర్డుల్లో చాలావాటికి సర్క్యూట్ డయాగ్రం ఎక్కడా దొరకదు. మా నాన్న రేడియోలు బాగుచేసే రోజుల్లో వెనక మూత తీస్తే లోపల బొమ్మ అంటించి ఉండేది. ఇప్పుడు ఐసీ మీద నంబరు కూడా గీకేసి పంపుతున్నారు. గత్యంతరం లేక బోర్డు చూసి సర్క్యూట్ గీసుకోవడం నేర్చుకున్నా.

షాపుకి వచ్చే కుర్రాళ్లు నేర్పమంటారు. నోటితో చెబితే సగం నాకే గుర్తుకు రాదు, చెప్పిన సగం వాళ్లకి గుర్తుండదు. అందుకని తెలుగులో గైడ్ మొదలుపెట్టా. ఇంగ్లీషులో దొరికేవి చూస్తే ఎక్స్‌రే అంటారు, పొరలు పొరలుగా అరగదీయాలంటారు. నేను రాసేది మల్టీమీటర్, టేబుల్ లైటు, ఫోను, నాలుగు రంగుల పెన్నులు ఉన్నవాడి కోసం.

గైడ్ మొత్తానికి ఒకటే బోర్డు. ఫ్రిజ్‌కి పెట్టే రిలే టైపు స్టెబిలైజర్‌ది. గోధుమరంగు బోర్డు, ఒకవైపే ట్రాకులు, ఎల్‌ఎం324 ఒకటి (రెండు వోల్టేజీలని పోల్చే భాగాలు నాలుగున్న ఐసీ), 7812 ఒకటి (నిలకడగా 12 వోల్టులు ఇచ్చేది), రిలేలు రెండు (కాయిల్‌తో నడిచే స్విచ్‌లు), ప్రీసెట్లు మూడు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే రెసిస్టర్లు). రెండేళ్ల కిందట దీన్ని పూర్తిగా గీశా, ఆ బొమ్మ చూసి జనరల్ పర్పస్ బోర్డు (రంధ్రాలుండే ఖాళీ బోర్డు) మీద ఇంకోటి కట్టా, అది ఇప్పటికీ షాపులో నడుస్తోంది. ముందు ఫోటోలు, తర్వాత గ్రౌండ్, తర్వాత ఐసీ చుట్టూ, చివర బొమ్మని మళ్లీ శుభ్రంగా గీయడం. ఇదీ వరుస. ఇంకేం ఉండాలో చెప్పండి.


కోఠి_కుర్రాడు | ఆదివారం రాత్రి 9:40

అన్నా, ఇది తప్పకుండా రాయండి. నేను ఈసీఈ చివరి ఏడాది. పార్టులు కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీకి పరిగెత్తడం తెలుసు కానీ, ఉన్న బోర్డు చదవడం మాకు ఎవరూ నేర్పలేదు. మొన్న ఒక పవర్ సప్లై బోర్డు తీసుకుని కూర్చున్నా. బీప్ మోడ్‌లో పెట్టి ఒక కాలు పట్టుకుంటే బోర్డు మీద ఎక్కడ ముట్టుకున్నా బీప్! అన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నట్టు గీసేశా. మా సార్ చూసి ఇది సర్క్యూటా, రంగవల్లా అన్నారు.


మీటరు_సుబ్బు | ఆదివారం రాత్రి 10:05

తమ్ముడూ, అది నీ తప్పు కాదు, బీప్‌ని నమ్మడం తప్పు. చాలా మీటర్లు 30 నుంచి 50 ఓమ్‌ల లోపు ఏది తగిలినా మోగుతాయి. అంటే కాయిల్ మోగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు మోగుతాయి, 10 ఓమ్‌ల రెసిస్టర్ మోగుతుంది, కరెంటు కొలవడానికి పెట్టే 0.1 ఓమ్ రెసిస్టర్ అయితే మరీను. వీటికి అటూ ఇటూ ఉన్నవి వేర్వేరు గీతలు. చెవితో కలిపేస్తే సర్క్యూట్ ముద్దయిపోతుంది.

నేను చేసేది: ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూస్తా. నా మీటర్ 0.2 చూపిస్తుంది. బోర్డు మీద బీప్ అన్నప్పుడల్లా ఒక కన్ను అంకె మీద ఉండాలి. 0.2, 0.3 అయితే అది రాగి. 1.8 అయితే మధ్యలో ఏదో ఉంది. ఇక టుంగ్ అని ఒక్కసారి మోగి ఆగిపోతే అది పెద్ద కెపాసిటర్ చార్జ్ అవుతున్న చప్పుడు.


పాత_రేడియో | ఆదివారం రాత్రి 10:31

సుబ్బు గారూ, శుభం. కెపాసిటర్ మాట వచ్చింది కాబట్టి, మొదటి పేజీలో మీటర్ కన్నా ముందు డిశ్చార్జ్ రాయండి. 230 వోల్టుల కరెంటుని బ్రిడ్జ్ చేస్తే (ఏసీని డీసీగా మారిస్తే) కెపాసిటర్ మీద 325 వోల్టులు నిలబడతాయి. ప్లగ్ పీకేసినా అలాగే ఉంటాయి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఫట్‌మనిపించే అలవాటు మన వాళ్లకి ఉంది, కెపాసిటర్‌కీ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు.

మా సర్వీసు రోజుల్లో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ పిన్నులని కెపాసిటర్ కాళ్లకి ఆనించేవాళ్లం. నిక్రోమ్ వైరు చుట్టిన పాత రకం ఐరన్, లోపల బోర్డు ఉండే కొత్త స్టేషన్ కాదు. 230 వోల్టుల మీద 25 వాట్లంటే దాని రెసిస్టెన్స్ సుమారు 2,100 ఓమ్‌లు. 330 మైక్రోఫారడ్ కెపాసిటర్ నాలుగు సెకన్లలో ఖాళీ. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.


స్టార్టర్_శీను | ఆదివారం రాత్రి 10:33

సీరీస్ బల్బు, అదే షార్ట్ ఉంటే బోర్డు కాలకుండా లైనుల పెట్టే బల్బు, అది కూడా రాయి అన్నా. కొత్త పిల్లలు ప్లగ్గు నేరుగా స్విచ్ బోర్డులో పెడుతున్నరు.


మీటరు_సుబ్బు | ఆదివారం రాత్రి 10:50

రెండూ రాస్తా. గీసేటప్పుడు బోర్డుకి కరెంటే ఉండకూడదు కాబట్టి సీరీస్ బల్బు చివరి అధ్యాయంలో, గీసింది సరిచూసుకునేటప్పుడు వస్తుంది. ఇండక్షన్ స్టవ్ గురించి వేరే పెట్టె కట్టి రాస్తున్నా. అందులో మనం గ్రౌండ్ అని గీసేది నిజానికి బ్రిడ్జ్ ద్వారా నేరుగా కరెంటు లైనుకి తగులుకుని ఉంటుంది. బొమ్మలో గ్రౌండ్ గుర్తు చూసి, నిజంగా ముట్టుకోవచ్చనుకుంటే అంతే సంగతులు.


వల్లి_ఎంబెడెడ్ | సోమవారం ఉదయం 7:15

మంచి పని సుబ్బు గారూ. బెంగళూరులో బోర్డులు డిజైన్ చేసే ఉద్యోగం నాది, పాత కస్టమర్ల బోర్డులకి ఫైళ్లు పోయినప్పుడు నాకూ ఇదే పని పడుతుంది. రెండు విషయాలు.

ఒకటి, వెతికే పద్ధతి. 100 కాళ్లున్న బోర్డులో ప్రతి కాలినీ మిగతా ప్రతి కాలితో సరిచూడాలంటే 4,950 సార్లు ప్రోబ్ పెట్టాలి. ఎవరూ చేయలేరు. ఒక ప్రోబ్ కొనకి పోగుల వైరు కట్టి, రెండు సెంటీమీటర్లు ఒలిచి, కుంచెలా విప్పుకోండి. రెండో ప్రోబ్ ఒక కాలి మీద పెట్టి, ఈ కుంచెతో ఒక్కో ఐసీ పక్కనంతా ఒకేసారి తుడవండి. మోగని పక్కని వదిలేయండి, మోగిన పక్కలో మాత్రం కాలు కాలుగా చూడండి. సాయంత్రం పట్టే పని గంటలో అవుతుంది.

రెండు, గ్రౌండ్, సప్లై ముందే పూర్తి చేసి, ఫోటో మీద ఆ కాళ్లన్నీ నలుపు, ఎరుపు పూసేయండి. సగానికి సగం కాళ్లు అక్కడే తేలిపోతాయి. మిగిలినవే అసలు సర్క్యూట్.


కోఠి_కుర్రాడు | సోమవారం ఉదయం 8:02

కుంచె బదులు అంట్లు తోమే స్టీల్ పీచు వాడొచ్చా అక్కా? ఇంట్లో ఉంది.


వల్లి_ఎంబెడెడ్ | సోమవారం ఉదయం 8:10

వద్దు. పోగులు రాలి ఐసీ కాళ్ల మధ్య ఇరుక్కుంటాయి. రేపు బోర్డుకి కరెంటు ఇచ్చినప్పుడు అవే షార్ట్ చేస్తాయి. పీచు వంటింట్లోనే ఉండనీ.


పాత_రేడియో | సోమవారం ఉదయం 11:20

ఫోటోల అధ్యాయంలో తిరగేయడం గురించి గట్టిగా రాయండి. రాగి వైపు నుంచి చూస్తే కుడి ఎడమ, ఎడమ కుడి. మా రోజుల్లో కార్బన్ పేపరు తిరగేసి గీసేవాళ్లం, ఇప్పుడు ఫోనులోనే మిర్రర్ అని ఉంటుంది.


మీటరు_సుబ్బు | సోమవారం మధ్యాహ్నం 1:30

అది రెండో అధ్యాయంలో మొదటి వాక్యం మాస్టారూ. "రాగి వైపు ఫోటో తీయగానే అద్దంలోలా తిప్పు, తర్వాతే మిగతా పని."

ఫోటో తీసేటప్పుడు దగ్గరికి వెళ్లకుండా, ఒక రెండడుగులు పైనుంచి జూమ్ చేయమని రాశా. దగ్గరి నుంచి తీస్తే రిలే, కెపాసిటర్ లాంటి పొడుగువి పక్కకి వాలినట్టు పడి కిందవాటిని మూసేస్తాయి. స్కానర్ ఉన్నవాళ్ల సంగతి వల్లి గారు చెబితే చేరుస్తా.


వల్లి_ఎంబెడెడ్ | సోమవారం మధ్యాహ్నం 2:05

మీ స్టెబిలైజర్ బోర్డుకి ఫోను చాలు, ట్రాకులు మిల్లీమీటరు పైనే ఉంటాయి. సన్న ట్రాకుల బోర్డులకే స్కానర్. 600 డీపీఐలో ఒక పిక్సెల్ అంటే 0.042 మిల్లీమీటర్లు. 0.15 మిల్లీమీటర్ల ట్రాక్ దాని మీద మూడున్నర పిక్సెళ్లే వస్తుంది, పక్క ట్రాక్‌తో కలిసిందో లేదో చెప్పలేం. 1200 పెడితే ఏడు, అప్పుడు నమ్మొచ్చు. ఆల్ ఇన్ వన్ ప్రింటర్లలో ఉండే సీఐఎస్ స్కానర్ గాజుకి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది, సోల్డర్ చుక్కల మీద బోర్డు కాస్త లేచి ఉన్నా మసకే. పాత లావాటి సీసీడీ స్కానర్ ఎవరింట్లోనైనా మూలపడి ఉంటే పారేయనీయకండి.

గీయడానికి కైకాడ్ (సర్క్యూట్లు, బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) వాడితే 7వ వెర్షన్ నుంచి బోర్డు ఎడిటర్లో ఫోటోని కిందపెట్టి దాని మీదే ట్రాకులు వేసుకోవచ్చు. ఉచితం కూడా.


స్టార్టర్_శీను | సోమవారం రాత్రి 8:45

మా దగ్గర అసలు కథ వేరే అన్నా. బోరు మోటారు స్టార్టర్లల్ల సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ బోర్డు (ఒక ఫేజ్ పోతే మోటారు ఆపేది) తీస్తే నల్ల బంకలో ముంచి ఉంటది. ఫోటో ఏం తీస్తం?


మీటరు_సుబ్బు | సోమవారం రాత్రి 9:10

శీనన్నా, గోటితో నొక్కితే లోపలికి పోయే రబ్బరు రకం అయితే చెక్క పుల్లతో ఓపిగ్గా లాగొచ్చు. కొన్ని హీట్ గన్ వేడికి మెత్తబడతాయి, దాంతో పాటే చిన్న పార్టులు ఊడొస్తాయి, కాబట్టి ముందు మంచి బోర్డు మీద చేయొద్దు, పోయిన బోర్డు మీద చేయాలి. రాయిలా గట్టిపడ్డ ఎపాక్సీ అయితే నేను వదిలేస్తా. ఎన్ని వైర్లు లోపలికి పోతున్నాయి, ఏ ఫేజ్ తీసేస్తే రిలే ఎంతసేపటికి పడిపోతోంది, ఇది కొలుచుకుని అదే పని చేసే సొంత సర్క్యూట్ కట్టుకోవడం నయం.


కోఠి_కుర్రాడు | సోమవారం రాత్రి 9:25

నంబరు గీకేసిన ఐసీ ఉంటే ఏం చేస్తారు అన్నా? డేటాషీట్ (ఐసీ కాళ్ల వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం) లేకుండా ఎలా?


మీటరు_సుబ్బు | సోమవారం రాత్రి 10:15

ఈ అధ్యాయం రాయడం నాకు భలే ఇష్టం. మనిషిని నడకని బట్టి పోల్చుకున్నట్టు ఐసీని సప్లై కాళ్లని బట్టి పోల్చుకోవచ్చు.

14 కాళ్ల ఐసీ అనుకో. ప్లస్ 4వ కాలికి, గ్రౌండ్ 11వ కాలికి ఉంటే అది 324 కుటుంబం. ప్లస్ 3, గ్రౌండ్ 12 అయితే 339. ఈ రెండిటినీ చాలామంది కలగలిపేస్తారు, ఒకదాని చోట ఇంకోటి పెడితే కాలిపోవచ్చు. ప్లస్ 14, గ్రౌండ్ 7 అయితే సీడీ4000 రకం గేట్లు కావచ్చు. ప్లస్ 1కి, గ్రౌండ్ 14కి ఉంటే పిక్16ఎఫ్676 లాంటి మైక్రోకంట్రోలర్ అయ్యుండొచ్చు. దానికి సర్క్యూట్ గీసినా లోపలి ప్రోగ్రాం మనకి రాదు కాబట్టి ఆశలు పెట్టుకోవద్దు.

8 కాళ్లలో ప్లస్ 8, గ్రౌండ్ 1 అయితే 555 అనుకోవచ్చు, 4వ కాలు కూడా ప్లస్‌కే పోతుంటే ఇంకా బలం. ప్లస్ 1, గ్రౌండ్ 8 అయితే పిక్12ఎఫ్675 తరహా. ప్లస్ 8, గ్రౌండ్ 4 అయితే 358 కావచ్చు, 393 కావచ్చు. అవుట్‌పుట్ కాళ్లు 1, 7 నుంచి ప్లస్‌కి ఒక్కో రెసిస్టర్ ఉందేమో చూడు. ఉంటే 393 వైపు మొగ్గు. దాని అవుట్‌పుట్ కిందకి లాగగలదే కానీ పైకి తోయలేదు, అందుకే ఆ రెసిస్టర్.


వల్లి_ఎంబెడెడ్ | సోమవారం రాత్రి 10:40

బాగుంది. 24సీ02 లాంటి మెమరీ ఐసీలకి, ఏటీటైనీలకి కూడా ప్లస్ 8, గ్రౌండ్ 4 ఉంటాయని ఒక వాక్యం చేర్చండి, లేకపోతే అన్నీ 358 అనుకుంటారు. ఇంకోటి, రెసిస్టర్ల విలువ. బోర్డులో ఉండగా కొలిస్తే పక్కవాటితో కలిసి అసలు విలువకన్నా తక్కువ చూపించవచ్చు. కెపాసిటర్లలో చార్జ్ లేకపోతే ఎక్కువ మాత్రం చూపించదు. రాసిన విలువకన్నా ఎక్కువ చూపిస్తే ఆ రెసిస్టర్ పోయినట్టే.


పాత_రేడియో | సోమవారం రాత్రి 10:58

కాలిపోయి రంగులు కనపడని రెసిస్టర్ సంగతి కూడా. పైన పూత గీకి, కాలిన చోటు దాకా ఒకవైపు, అక్కడి నుంచి రెండోవైపు విడివిడిగా కొలిచి కూడితే దాదాపు విలువ వస్తుంది. మొత్తం బొగ్గైపోతే రాదు.


బ్రెడ్‌బోర్డ్_భీమా | మంగళవారం ఉదయం 6:50

కొత్త సభ్యుణ్ణి. మంచి చర్చ. కానీ ట్రాక్, ప్రీసెట్, గ్రౌండ్ అన్నీ ఇంగ్లీషే కదా, తెలుగు గైడ్ అన్నప్పుడు రాగిబాట, సవరణి, భూమి అని రాయొచ్చు కదా?


స్టార్టర్_శీను | మంగళవారం ఉదయం 7:05

షాపుకి పోయి సవరణి ఇయ్యి అంటే ఏం ఇస్తడు అన్నా? సవరం ఇస్తడు.


మీటరు_సుబ్బు | మంగళవారం ఉదయం 7:30

😄 భీమా గారూ, కోపం వద్దు. పుస్తకం చదివినవాడు కొట్టుకి వెళ్లి అడగగలగాలి, అదే నా లెక్క. ఐసీ కాలు, సోల్డర్ చుక్క, తిరగేయడం, ఇవి ఎలాగూ తెలుగే.


బ్రెడ్‌బోర్డ్_భీమా | మంగళవారం ఉదయం 7:44

సరే, ఒప్పుకున్నా. ఇలా గీయడం చట్టరీత్యా ఇబ్బంది కాదా మరి?


వల్లి_ఎంబెడెడ్ | మంగళవారం ఉదయం 9:20

రిపేరు కోసం, నేర్చుకోవడం కోసం మీ బోర్డు మీరు గీసుకుంటే నాకు తెలిసినంతలో భయపడాల్సింది లేదు. చిప్ లోపలి లేఅవుట్‌కి రక్షణ ఇచ్చే 2000 నాటి మన చట్టం కూడా పరిశోధన, బోధన కోసం విశ్లేషించడాన్ని ఉల్లంఘనగా చూడదు. అదే బోర్డుని అచ్చేసి, వాళ్ల పేరుతో అమ్మితే వేరే కథ. గైడ్‌లో రెండు వాక్యాలు చాలు, లాయరు వేషం వద్దు.


మీటరు_సుబ్బు | మంగళవారం రాత్రి 9:30

ఈరోజు ఐదో అధ్యాయం రాశా. నేను పడ్డ దెబ్బ ఉన్నదున్నట్టు పెట్టా. మీ అభిప్రాయం కావాలి.

ఈ బోర్డు గీయడం మూడు సాయంత్రాల్లో అయిపోయింది. 180 వోల్టుల దగ్గర మారాల్సిన మొదటి రిలే సంగతి: ప్రీసెట్ మధ్యకాలు నుంచి 10కే (పదివేల ఓమ్‌ల) రెసిస్టర్ ద్వారా 12వ కాలికి, 5.1 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీని కదలకుండా నిలిపే డయోడ్) 13వ కాలికి, 14వ కాలి నుంచి 4.7కే ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి, దాని కలెక్టర్ నుంచి రిలే కాయిల్, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్. పుస్తకంలో ఉండే సర్క్యూట్టే. సంతోషంగా జనరల్ పర్పస్ బోర్డు మీద కట్టి వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) తిప్పా. 180 దగ్గరికి రాగానే రిలే టకటకటకటక... కుట్టుమిషన్ నడిచినట్టు. అసలు బోర్డు మాత్రం ఒక్క టక్‌తో మారుతోంది. జీనర్ మార్చా, కెపాసిటర్ పెంచా, రెండు రాత్రులు నిద్ర పోయింది.

మూడో రోజు ఏం తోచక, పైన ఉన్న పార్టుల కాళ్లన్నీ లెక్కపెట్టా. తర్వాత కింద సోల్డర్ చుక్కలు లెక్కపెట్టా. కింద రెండు ఎక్కువ. పైన ఎక్కడా కనపడని పార్టు ఒకటి ఉంది! ఐసీని దాని బేస్ (ఐసీ కూర్చునే సాకెట్) లోంచి స్క్రూడ్రైవర్‌తో లేపితే, ఆ సాకెట్ మధ్య బోలుగా ఉండే చోట ఒక పావు వాట్ రెసిస్టర్ హాయిగా పడుకుని ఉంది. గోధుమ, నలుపు, ఆకుపచ్చ. ఒక మెగ్ (పది లక్షల ఓమ్‌లు). 14 నుంచి 12కి. దాని రెండు చుక్కలు ఐసీ చుక్కల పక్కనే ఉంటే, నేను వాటిని ఆ ట్రాకులోనే భాగమనుకుని వదిలేశా. అది పెట్టగానే టకటక ఆగిపోయింది.

అందుకే గైడ్‌లో రూలు: గీయడం మొదలెట్టకముందే పైన కాళ్లు, కింద చుక్కలు లెక్కపెట్టు. తేడా వస్తే ఏదో దాక్కుంది.

కాళ్ల పట్టిక:
1, 2, 3: ఖాళీ
4: ప్లస్ 12 వోల్టులు
5, 6, 7: మూడో ప్రీసెట్, రెండో రిలే
8, 9, 10: రెండో ప్రీసెట్, రెండో రిలే
11: గ్రౌండ్
12, 13, 14: మొదటి ప్రీసెట్, మొదటి రిలే

[ఫోటో 1: పార్టుల వైపు]
[ఫోటో 2: రాగి వైపు, కాళ్ల నంబర్లతో]


వల్లి_ఎంబెడెడ్ | మంగళవారం రాత్రి 10:10

చుక్కల లెక్క అద్భుతం, నేను కూడా ఎప్పుడూ చేయలేదు. ఆ ఒక మెగ్ ఎందుకు పనిచేసిందో లెక్క కూడా పెట్టండి. 12 వోల్టుల మీద 324 అవుట్‌పుట్ పైకి పోతే సుమారు పదిన్నర వోల్టులు. అందులో 10కే, 1 మెగ్ పంపకం ప్రకారం ఇన్‌పుట్‌కి తిరిగొచ్చేది దాదాపు 0.1 వోల్టు. 180 వోల్టుల కరెంటు అక్కడ 5.1గా కనపడుతోంది కాబట్టి, 0.1 అంటే కరెంటు లైను మీద మూడున్నర వోల్టులు. అంటే 180 దగ్గర లాగిన రిలే 176న్నర దాకా దిగితే కానీ వదలదు. ఆ మూడున్నర వోల్టులే కుట్టుమిషన్‌ని ఆపాయి.


పాత_రేడియో | మంగళవారం రాత్రి 10:35

చక్కగా ఉంది. ఒక్కటే చిన్న అనుమానం. 324లో నాలుగు భాగాల్లో మూడే కావలసి వస్తే డిజైనర్ సాధారణంగా 1వ కాలి నుంచి మొదలుపెట్టి చివరిది వదిలేస్తాడు. ఇక్కడ మొదటిది వదిలి చివరిది వాడాడు. ట్రాకులు అలా కుదిరాయేమో.


కోఠి_కుర్రాడు | మంగళవారం రాత్రి 11:48

అన్నా, తప్పైతే తిట్టకండి. గైడ్ చూసుకుంటూ మీ ఫోటో 2 మీద ప్రాక్టీస్ చేద్దామని గ్రౌండ్‌తో మొదలుపెట్టా. పెద్ద కెపాసిటర్ మైనస్ కాలు నుంచి వెడల్పాటి ట్రాక్ ఒకటి వస్తోంది కదా, అది ఐసీ ఎడమ వరుసలో పైనుంచి నాలుగో చుక్కలో కలుస్తోంది. దాని పక్కన మీరు వేసిన నంబరు 4. పట్టికలో 4 అంటే ప్లస్ 12. గ్రౌండ్ ట్రాక్ ప్లస్ కాలికి ఎలా పోతుంది? 7812 అవుట్‌పుట్ చూస్తే 11 అని రాసిన చుక్కకి పోతోంది.

4, 11 మీటర్‌తో చూశారా, డేటాషీట్ చూసి రాశారా?


వల్లి_ఎంబెడెడ్ | బుధవారం ఉదయం 6:40

ఫోటో 2 తిప్పనిది! రాగి వైపు నుంచి చూస్తూ, పైనుంచి చూసినట్టు నంబర్లు వేశారు. 14 కాళ్ల ఐసీని అద్దంలో చూస్తే 1 చోట 14, 2 చోట 13, 3 చోట 12 వస్తాయి. 324లో 1, 14 రెండూ అవుట్‌పుట్లే. 2, 13 మైనస్ ఇన్‌పుట్లే. 3, 12 ప్లస్ ఇన్‌పుట్లే. 5కి 10, 6కి 9, 7కి 8, అవీ అంతే. అద్దంలో చూసినా బొమ్మ అచ్చం సరైనదానిలాగే ఉంటుంది, సప్లై కాళ్లు 4, 11 తప్ప. ఆ రెండే పట్టిచ్చేవి, ఆ రెండే మీరు కొలవలేదు. మీరు కట్టిన నకలు బొమ్మ ప్రకారం కట్టారు కాబట్టి అది పనిచేస్తుంది, ఎప్పటికీ పనిచేస్తుంది.


పాత_రేడియో | బుధవారం ఉదయం 7:02

అదీ సంగతి. డిజైనర్ 1 నుంచే మొదలుపెట్టాడన్నమాట.


మీటరు_సుబ్బు | బుధవారం మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, డేటాషీట్ చూసి రాశా. 324కి 4, 11 అని కళ్లు మూసుకున్నా చెబుతాను కదా, మీటర్ ఎందుకు అనుకున్నా. అది రెండేళ్ల నాటి ఫోటో. తిప్పాలన్న వాక్యం గైడ్‌లో రాసింది మొన్న.

ఇప్పుడు షాపులో ఉన్న ఇంకో స్టెబిలైజర్ బోర్డు, అదే మోడల్, తీసి మీటర్ పెట్టా. మొదటి రిలే 1వ కాలి నుంచే. 14 ఖాళీ.

ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన వేసవిలో ఇదే మోడల్ ఒకటి వచ్చింది, మొదటి రిలే లాగడం లేదు. గోడ మీద అంటించుకున్న ఈ బొమ్మ చూసి 14 దగ్గర కొలిచా, ఏమీ లేదు. ఐసీ పోయిందని మార్చా. మళ్లీ ఏమీ లేదు. బోర్డు లోపలే ఏదో పోయిందని చెప్పి ఆయనతో కొత్త బోర్డు కొనిపించా. బహుశా ట్రాన్సిస్టరో, కాయిలో పోయి ఉంటుంది.


కోఠి_కుర్రాడు | బుధవారం మధ్యాహ్నం 12:31

అయ్యో అన్నా, నేను ఊరికే అడిగా.


స్టార్టర్_శీను | బుధవారం మధ్యాహ్నం 12:40

ఆ పాత బోర్డు ఉందా, పారేసినవా?


మీటరు_సుబ్బు | బుధవారం మధ్యాహ్నం 12:52

అటక మీద డబ్బాలో ఉండాలి. సాయంత్రం దింపుతా.